వైద్యుడి వంతు

9 జూన్ 2024, ఆదివారం

1986 వేసవిలో హరిబాబు నాకొక మాట ఇచ్చాడు. కోటిపల్లి రేవులో, పంటు కోసం నిలబడి, మోకాళ్ళ దాకా బురదతో. "పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయండి అప్పాజీ గారూ. మీ పేరే ముందు." 1988లో పుస్తకం వచ్చింది: 'లంక మొక్కలు, ఇంటి మందులు'. అట్ట మీద ఒకటే పేరు. అది నాది కాదు. రెండేళ్ళపాటు సెలవు రోజులన్నీ గోదావరి లంకల్లో తిరిగి, మూడు వందల పన్నెండు మొక్కల పేర్లూ వాడుకలూ రాసుకొచ్చింది శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ అప్పాజీ. అట్ట ఎక్కింది కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే హరిబాబు. పైగా 61వ పేజీలో గలిజేరు అని రాసి, వేరే మొక్క, అంబటిమాడు బొమ్మ వేశాడు.

ఇదంతా మళ్ళీ రాయడానికి కారణం, ముప్పై ఆరేళ్ళ తర్వాత ఇవాళ ఆయన నా పక్క కుర్చీలో కూర్చుని పెసర పునుగులు తిన్నాడు.

పావని పిలిస్తే వెళ్ళాను. చిన్నప్పుడు నా లైబ్రరీలో బీరువాలన్నీ చదివి పారేసిన పిల్ల. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో లెక్కలు చెబుతుంది. ఆదివారం రెండింటికి సామర్లకోటలో వాళ్ళ మేడ మీద ఒక ఆట ఆడతారు. బోర్డు ఉండదు, పేకముక్కలు ఉండవు. ఒక్కొక్కరు కాగితం మీద ఒక మనిషిని తయారుచేసుకుంటారు. పావని కథ చెబుతుంది: మీరు మడ అడవిలో ఉన్నారు, ఎదురుగా మొసలి, ఇప్పుడేం చేస్తారు? ఎవరి వంతు వస్తే వాళ్ళు చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఒక్కొక్కరి ముందు ఇరవై చింతపిక్కలు. అవే ప్రాణం. దెబ్బ తగిలితే పిక్కలు పోతాయి. అన్నీ పోతే మనిషి పడిపోతాడు. పడ్డాక మూడు వంతులలోపు ఎవరూ లేపకపోతే చచ్చిపోతాడు. డెబ్బై నాలుగో ఏట నేను నేర్చుకున్న విద్య ఇది.

"ఆట నియమాలన్నీ తెలుగులో రాసి దసరాకి పుస్తకం వేస్తున్నామండి బాబాయ్ గారూ," అంది పావని. "వైద్యం ఒక్కటే కుదిరి చావట్లేదు. మందు బలం పెంచితే ఎవరూ చావరు. తగ్గిస్తే వైద్యుడు దండగ. మూలికలు తెలిసినవారు, ఆ అధ్యాయం మీరు రాయండి. పుస్తకం మీద మీ పేరుంటుంది."

ఈ మాట నేను ముందొకసారి విన్నాను. అయినా ఒప్పుకున్నాను. పేరు కోసం కాదు.

ఆటలో వైద్యుణ్ణి నేనే. లోవరాజు కాకినాడ ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు, ఇక్కడ ఈటె పట్టుకున్నాడు. సాయిదుర్గ నిజానికి నర్సు, ఇక్కడ గొడ్డలి. వైద్యం నువ్వు కదమ్మా చేయాల్సింది అన్నాను. "వారమంతా సూదులేనండి. ఆదివారమైనా ఎవర్నైనా నరకనివ్వండి" అంది. హరిబాబు విలుకాడు. దూరం నుంచి బాణం వేసే పని. సరిగ్గా ఎంచుకున్నాడు.

"బాగున్నారా అండి అప్పాజీ గారూ? కాస్త చిక్కారే" అన్నాడు, మొన్ననే కలిసినట్టు.

"మీ దయండి" అన్నాను.

16 జూన్, ఆదివారం

నా వంతులో నేను ఒకరికి అయిదు పిక్కలు తిరిగివ్వగలను. మొసలి ఒక్క కాటుకు ఎనిమిది పిక్కలు తీస్తుంది. లోవరాజుకు రెండుసార్లు మందు వేశాను, రెండుసార్లూ పడ్డాడు. అప్పుడు హరిబాబు గొంతు సవరించుకుని, "పడకముందు మందు వేయడం దండగండి. పడనిచ్చి, ఒక్క పిక్క ఇవ్వండి చాలు. లేచి మళ్ళీ పూర్తి బలంతో పొడుస్తాడు" అన్నాడు.

లెక్క నిజమే. ఒక్క పిక్క ఉన్నవాడి ఈటెకూ, ఇరవై ఉన్నవాడి ఈటెకూ తేడా లేదు. లోవరాజు ఒక్క యుద్ధంలో ఆరుసార్లు పడి ఆరుసార్లు లేచాడు.

"మా వార్డులో ఇలా లేస్తే బాగుండునండి" అంది సాయిదుర్గ.

"నాకు బానే ఉందండి, ఇంజను ఆగడం, మళ్ళీ తాడు లాగడం" అన్నాడు లోవరాజు.

మనిషి బాగా ఉన్నప్పుడు పట్టించుకోకపోవడం, నేల మీద పడ్డాక ఒక్క చుక్క పోయడం. ఈ నియమం ఏ దేశంలో పుట్టిందో గానీ హరిబాబుకు చూడగానే అర్థమైంది.

17 జూన్

పావని ఇచ్చిన ఇంగ్లీషు నియమాల పుస్తకం చదివాను. మూడు వందల పేజీలు. చంపడానికి రెండు వందల ఎనభై, బతికించడానికి పదకొండు. మిగతావి బొమ్మలు. నేను చదివిన చరిత్ర పుస్తకాలకంటే నిజాయితీగా ఉంది.

23 జూన్, ఆదివారం

మందు బలం పదిహేను పిక్కలకు పెంచాను. రెండింటికి మొదలైన యుద్ధం అయిదున్నరకు కూడా నడుస్తోంది. మొసలి కొరుకుతుంది, నేను పూడుస్తాను, మొసలి కొరుకుతుంది. టీ రెండుసార్లు వచ్చింది. చివరికి పావని పాచికలు పక్కన పెట్టి, "మొసలికి విసుగొచ్చి వెళ్ళిపోయిందండి" అంది.

"అసలు మా మడల్లో మొసళ్ళే లేవండి," అన్నాడు లోవరాజు. "నీటిపిల్లులండి."

"ఆటలో ఉన్నాయి లోవరాజు గారూ."

"ఆయ్. ఉంటే ఉన్నాయి లెండి. అంత ఓపికగా మాత్రం ఉండవు."

30 జూన్

హరిబాబు ఇవాళ కూడా వచ్చాడు.

7 జూలై, ఆదివారం

మందుకు లెక్క పెట్టాను. యుద్ధం మొత్తానికి ఆరు మోతాదులు, ఒక్కోదానికి ఏడు పిక్కలు. పడ్డవాణ్ణి లేపాలంటే రెండు మోతాదులు ఖర్చు, లేచినవాడు ఆ వంతులో కొట్టకూడదు. అంటే పడనిచ్చి లేపడం ఖరీదు, ముందే చూసుకోవడం చౌక. రెండు రోజులు కూర్చుని వేసిన లెక్క. పావని కాగితం చూసి, "అబ్బ, కుదిరిందండి బాబాయ్ గారూ!" అంది. హరిబాబు కూడా తల ఊపాడు. ఆయన తల ఊపడం నాకు అవసరం లేదు.

కానీ ఆడితే ఏం జరిగింది?

లోవరాజుకు మూడు పిక్కలు మిగిలాయి. నీకు వేస్తున్నా అన్నాను. "నాకెందుకండి, అమ్మాయిగారికి వేయండి, ఆడపిల్ల" అన్నాడు. సాయిదుర్గ: "అయ్యో, నాకు నాలుగున్నాయండి, ముందు హరిబాబు గారికి వేయండి, పెద్దాయన." హరిబాబు: "నేను దూరంగా ఉన్నానండి, కుర్రాళ్ళకి వేయండి." నేను మళ్ళీ లోవరాజు వైపు తిరిగాను. "పర్లేదండి, మీరే పుచ్చుకోండి." నా వంతు అయిపోయింది. మొసలి వంతు వచ్చింది.

నలుగురమూ చచ్చాం. నా సంచిలో నాలుగు మోతాదులు అలాగే ఉన్నాయి.

పావని తల పట్టుకుంది. "ఇంగ్లీషు పుస్తకంలో ఈ సమస్య లేదండి. వాళ్ళు నాకు నాకు అని పీక్కుంటారు."

ఆ లెక్కలు చేసినవాళ్ళు మన వైపు ఒక్క పెళ్ళి భోజనానికైనా వచ్చి ఉంటే ఈ అధ్యాయం వేరేగా రాసేవారు.

9 జూలై

కొత్త నియమం రాశాను. మందు కావలసినవాడు నోరు తెరిచి, వైద్యుణ్ణి పేరు పెట్టి పిలిచి, నాకు మందు కావాలి అని అడగాలి. అడిగితేనే వైద్యం. నొప్పి ఉన్నవాడికే నొప్పి తెలుసు. మర్యాదకు చోటు లేదు. పావనికి నచ్చింది.

దీనికీ హరిబాబుకూ ఏ సంబంధమూ లేదు. ఆట బాగుపడాలని రాశాను. ఆయన నా పేరు పిలిచి, అందరి ముందూ, నాకు కావాలి అని అడగవలసి వస్తుంది, అది వేరే విషయం.

14 జూలై, ఆదివారం

మూడూ పదికి హరిబాబు పడ్డాడు. నేను కుర్చీలో వెనక్కి జారగిలి కూర్చున్నాను. ముప్పై ఆరేళ్ళు.

పునుగు నములుతూనే, "అప్పాజీ గారండీ, పడిపోయానండి. నాకు మందు కావాలి. ఆ చట్నీ కూడా ఇటు జరపండి" అన్నాడు.

అంతే. సిగ్గులేదు, తడబాటులేదు. రెండు మోతాదులు ఇచ్చాను. నియమం నాదే కదా. మళ్ళీ అరగంటకు, "ఇంకోటి ఇప్పించండి అప్పాజీ గారూ, మీ చెయ్యి మంచిది" అన్నాడు.

అందరూ నవ్వారు. నియమం బ్రహ్మాండంగా పనిచేస్తోందని పావని అంది.

21 జూలై

వాన. ఆట లేదు.

అచ్చాయమ్మ బతికున్నన్నాళ్ళూ ఒకటే పాట. "రెండో ముద్రణ వేస్తున్నారటగా, మీరే వెళ్ళి, నా పేరు వేయండీ అని ఒక్క మాట అడగొచ్చుగా." భార్యలకు అన్నీ చెప్పకూడదు. కొన్ని అడిగి తీసుకునేవి కావని ఆవిడకు పోయేదాకా తెలియలేదు.

28 జూలై, ఆదివారం

నా వైద్యుడు చచ్చిపోయాడు.

ఎలాగో రాయాలి. ఇది ఆఖరి పరీక్ష అని పావని ముందే చెప్పింది. ఇది నెగ్గితే అధ్యాయం అచ్చుకు వెళుతుంది. మందు అంతా ఒక్కడి దగ్గరే ఉంటే ప్రమాదమని మోతాదులు తలా ఒకటీ రెండూ పంచాను. ఎవరి దగ్గర ఉంటే వాళ్ళనే పేరు పెట్టి అడగాలి. యుద్ధం సగమయ్యేసరికి అందరివీ అయిపోయాయి, హరిబాబు దగ్గర రెండు తప్ప. అప్పుడు మొసలి నన్ను పట్టింది. నా ముందు ఒక్క పిక్క లేదు.

"బాబాయ్ గారూ, మీరు పడిపోయారు," అంది పావని. "హరిబాబు గారి దగ్గర రెండు మోతాదులున్నాయి. పేరు పెట్టి అడగండి."

మొదటి వంతు. నేను నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. లోవరాజు పొడిచాడు, సాయిదుర్గ నరికింది.

రెండో వంతు. హరిబాబు నా వైపు వంగి, తనే, "ఇమ్మంటారా అండి?" అన్నాడు.

"అబ్బే, నాకెందుకండి" అన్నాను.

"సరేనండి" అన్నాడు. అని, బాణం వేశాడు.

మూడో వంతు. "అడిగెయ్యండి బాబాయ్ గారూ, ఆటే కదండీ" అన్నాడు లోవరాజు. సాయిదుర్గ, "ఒక్క మాటండి, ఒక్కటే మాట" అంది. పావని పాచిక పట్టుకుని ఆగింది. నేను హరిబాబును చూశాను. రెండోసారి అడుగుతాడేమోనని కాదు, ఊరికే చూశాను. ఆయన తన పిక్కలు రెండు వరుసలుగా పేర్చుకుంటున్నాడు.

సాయిదుర్గ అలవాటు కొద్దీ గడియారం చూసి, "మూడూ నలభై రెండు" అంది. చచ్చిన టైము.

లోవరాజు టీ తాగకుండా మెట్లు దిగిపోయాడు. కింద బండి స్టార్టు చేయకుండా చాలాసేపు నిలబడ్డాడని పావని చెప్పింది. ఇంతవరకూ ఆడిన ఆటల్లో ఇదే గొప్ప ఆటట. ఎవరికీ నియమాన్ని కొట్టిపారేయాలని లేదట. నాకే ఉంది.

29 జూలై

సరేనండి అన్నాడు. అప్పుడూ ఇదే మాట.

31 జూలై

1988 ఫిబ్రవరి. సామర్లకోట స్టేషను, రెండో ప్లాట్‌ఫారం. ప్రెస్సుకు ఇవ్వడానికి రాతప్రతి పట్టుకుని హరిబాబు విజయవాడ వెళుతున్నాడు. సాగనంపడానికి వెళ్ళాను. రైలు సిగ్నల్ దగ్గర ఉండగా అడిగాడు. "అట్ట మీద మీ పేరు వేసేద్దామంటారా అండి?"

"అబ్బే, నా పేరెందుకండి" అన్నాను.

ఎవరైనా అదే అంటారు. భోజనానికి లేవండి అంటే ఇప్పుడే తిని వచ్చానండి అంటాం. తిని వచ్చామా? విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, వడ్డించేవాడు బూరెల పళ్ళెం తీసుకుని వెనక్కి వెళ్ళిపోతాడా? రెండోసారి అడగాలి. మూడోసారి, మీరు వద్దంటే నామీద ఒట్టే అనాలి. అప్పుడు, సరే మీ ఇష్టం అంటాం. ఇందులో నేర్చుకోవలసింది ఏముంది? పాలు తాగినప్పటి నుంచీ చూస్తున్నదే కదా. ఈయన ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చినవాడా? పుట్టింది తణుకులో!

"సరేనండి" అని రైలెక్కాడు. చెయ్యి కూడా ఊపాడు.

ఇది మాట తప్పడం కాకపోతే ఏమిటి?

4 ఆగస్టు, ఆదివారం

నియమం మార్చాను. అడగవలసింది పడ్డవాడు కాదు, మందు చేతిలో ఉన్నవాడు. 'మందు ఇచ్చేవాడు మూడుసార్లు అడగాలి. మొదటి రెండుసార్లు వద్దనడం లెక్కలోకి రాదు. మూడోసారి కూడా వద్దంటేనే వద్దన్నట్టు.'

"మూడు వంతులు అడుగుతూ కూర్చుంటే మనిషి పోతాడండి" అంది సాయిదుర్గ.

"మూడూ ఒకే వంతులో అడగాలమ్మా. ఎంతసేపు పడుతుంది? పది సెకన్లు. పది సెకన్లు ఎవరికైనా ఉంటాయి. రైలు ఎక్కబోయేవాడికైనా ఉంటాయి."

"రైలేంటండి?" అంది పావని.

"ఉదాహరణకు" అన్నాను. హరిబాబు శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నాడు.

ఆడి చూశాం. లోవరాజు రెండుసార్లు వద్దని, మూడోసారి సిగ్గుపడుతూ పిక్కలు అందుకున్నాడు. సాయిదుర్గ కూడా. ఎవరి మర్యాదా పోలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. మొసలి న్యాయంగా చచ్చింది, గంటా పది నిమిషాల్లో. పావని లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "ఇది మన ఆటండి ఇప్పుడు" అంది.

హరిబాబు కూడా కొట్టాడు. "ఎంత సున్నితమైన విషయం పట్టుకున్నారండి అప్పాజీ గారూ! నాకు జన్మలో తట్టేది కాదు" అన్నాడు.

అది నాకు తెలుసు.

15 సెప్టెంబరు, ఆదివారం

అధ్యాయం శుద్ధప్రతి నిన్న ఇచ్చేశాను. పద్నాలుగు పేజీలు. ఉత్తరేణి, నల్లేరు, తిప్పతీగ, పలక తుడిచే ఆకు, గలిజేరు. గలిజేరు పక్కన గలిజేరు బొమ్మే వేయించాను.

మధ్యాహ్నం పావని వాట్సాప్ మెసేజ్: "కవర్ మీద నా పేరు పక్కన మీ పేరు వేద్దామనుకుంటున్నాం బాబాయ్ గారూ. ఓకేనా అండి? రేపు రాజమండ్రిలో ప్రెస్సుకి ఇస్తున్నాం."

"అబ్బే, నా పేరెందుకమ్మా. మీరంతా కష్టపడ్డారు" అని పంపాను.

రెండు నీలం గీతలు వచ్చాయి. చదివింది.

16 సెప్టెంబరు

ఫోను చార్జింగ్ పెట్టాను. సౌండ్ పెంచాను.

17 సెప్టెంబరు

ప్రెస్సు పనుల్లో ఉండి ఉంటుంది. ఆ నియమం తన చేత్తో టైపు చేసిన పిల్ల. అడుగుతుంది.

19 సెప్టెంబరు

లోవరాజు ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ పంపాడు. పావని నుంచి ఏమీ లేదు.

నేనే ఒక మెసేజ్ రాశాను. "అమ్మా, కవరు సంగతి ఏమైంది?" చదువుకున్నాను. తుడిచేశాను. అడిగి తీసుకునేది కాదు.

11 అక్టోబరు, శుక్రవారం

పొద్దున్న పావని పుస్తకాలు తీసుకుని ఇంటికి వచ్చింది. ఇంకా రంగు వాసన వస్తున్నాయి. అట్ట మీద మొసలి. దాని కింద ఒకటే పేరు, పావనిది.

"రెండు కాపీలు ఉంచమంటారా బాబాయ్ గారూ?" అంది. ఒకటి చాలమ్మా అన్నాను. "ఉంచమంటారా?" అంది మళ్ళీ. వద్దమ్మా అన్నాను. "మూడోసారి అడుగుతున్నానండి, పేజీ పద్నాలుగు!" అని పకపకా నవ్వింది. రెండోది కూడా తీసుకున్నాను.

తను వెళ్ళాక ముందుమాట చదివాను. చివరి పేరా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, రేపు ఎవరూ నేను కల్పించానని అనకుండా.

'వైద్యం అధ్యాయం రాసిన పెద్దాయన తన పేరు వేయవద్దన్నారు. మరోసారి అడుగుదామనుకున్నాం. కానీ నలభై ఏళ్ళుగా ఆయన్ని ఎరిగిన మా సభ్యులొకరు, ఆయన పేరు కోరుకునే మనిషి కాదు, ఒకప్పుడు నేనూ అడిగి చూశాను, మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టవద్దు అని చెప్పడంతో ఆగిపోయాం. వారి నిరాడంబరతకు నమస్కారాలు.'

పావనిని అనను. చిన్నపిల్ల, అడుగుదామనే అనుకుంది. పద్నాలుగో పేజీ చూశాను. మూడుసార్లు అడగాలి అని నేను రాసిన వాక్యం ఒక్క అక్షరం తప్పు లేకుండా అచ్చయింది. గలిజేరు బొమ్మ కూడా సరిగ్గానే పడింది. నా అచ్చయిన మొదటి పుస్తకం. నాకు రావలసిన ఆ రెండోసారి అడగడం దారిలో ఉండగా, దానికి అడ్డం నిలబడి, ఎంతో గౌరవంగా, నా మేలు కోరి, వెనక్కి పంపేసిన మనిషి ఒక్కడే.

హరిబాబు.